పుట్టినరోజుకి పిలకాయలందరినీ సూపర్ హీరో సినిమాకి తీసుకుపోవచ్చా?

విభాగం: ఇల్లు, పిల్లలు

మాగుంట_లేఔట్_అమ్మ (నెల్లూరు), శుక్రవారం రాత్రి 9:12

వచ్చే ఆదివారం మా వాడికి ఎనిమిదేళ్లు నిండుతాయి. ఈసారి ఇంట్లో కేకు, బెలూన్లు వద్దంట. అపార్ట్‌మెంట్‌లో ఫ్రెండ్స్ అందరినీ ఆ కొత్త సూపర్ హీరో సినిమాకి తీసుకుపోవాలంట. సినిమా పేరు రాయడం లేదు. పోయినసారి ఎవరో పేరు రాస్తే రెండు వైపులా ఫ్యాన్స్ చేరి కొట్టుకొని థ్రెడ్ మూయించారు. ఏ సినిమానో మీకు తెలిసే ఉంటుంది, ట్రంక్ రోడ్డంతా దాని పోస్టర్లే. తెలుగు డబ్బింగ్, త్రీడీ, రెండున్నర గంటలు. యూఏ 13+ అని ఉంది.

వచ్చే పిలకాయల్లో అందరికన్నా చిన్నది ఎదురింటి పాప, ఐదేళ్లు. అందరికన్నా పెద్దోడికి పన్నెండు. మా ఆయన "టికెట్లు బుక్ చేసేయ్, దీనికింత ఆలోచనా" అంటున్నారు. మా అత్తమ్మ "పుట్టినరోజు పూట ఆ గుద్దులాటలేంది, పాయసం చేసి పెట్టు" అంటున్నారు. మధ్యలో నేను. పిల్లలతో వెళ్లొచ్చిన వాళ్లు ఉంటే చెప్పండి.

ఒంగోలు_గిత్త (చీమకుర్తి), శుక్రవారం రాత్రి 9:30

సినిమానే కద మేడం. మేం చిన్నప్పుడు నేల టికెట్‌లో కూర్చొని తలలు తెగిపడే సినిమాలు వరసబెట్టి చూశాం. ఇప్పుడు క్వారీలో లెక్కలు రాసుకుంటున్నా, ఇంతవరకు ఎవరి తలా నరకలేదు. తీసుకుపొండి. పాప్‌కార్న్‌కే డబ్బులు ఎక్కువ తీసుకెళ్లండి, టికెట్ కన్నా అదే భయంకరం.

పాత_ఆపరేటర్ (కావలి), శుక్రవారం రాత్రి 10:05

అమ్మా, రీళ్ల కాలం నుంచి డిజిటల్ వచ్చేదాకా ప్రొజెక్టర్ దగ్గరే బతికినవాడిని. ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చెప్తా, చాలామందికి తెలీదు.

ఇదివరకు యూఏ అంటే ఒకటే. పన్నెండేళ్ల లోపు పిల్లలను పెద్దవాళ్లు ఆలోచించి తీసుకురావాలి అని. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి, 2024 రూల్స్‌తో దాన్ని మూడు మెట్లు చేశారు. 7+, 13+, 16+. మీ సినిమా నడిమెట్టు. అంటే పదమూడేళ్ల లోపు వాళ్లకి చూపించాలా వద్దా అన్నది అమ్మానాన్న తేల్చుకోవాలి. గేటు దగ్గర పిల్లలను ఆపే హక్కు థియేటర్ వాళ్లకి లేదు. 'ఏ' సర్టిఫికెట్ అయితే కథ వేరు. పద్దెనిమిది నిండకపోతే పక్కన నాన్న ఉన్నా సరే లోపలికి పంపకూడదు.

ఇంకోటి. డబ్బింగ్ వెర్షన్‌కి విడిగా సర్టిఫికెట్ తీసుకుంటారు. ఇంగ్లీషు సినిమా గురించి ఎవరో రాసింది చదివి తెలుగుదానికి పోవద్దు. డబ్బింగ్‌లో జనం నవ్వాలని కలిపే మాటలు కొన్ని ఉంటాయి, అవి ఇంటికొచ్చాక మీ వాడి నోట్లోంచి వినాల్సి వస్తుంది.

ఇక నేను చూసింది. ప్రొజెక్టర్ గది కంతలోంచి చూస్తే తెర కన్నా జనం ఎక్కువ కనిపిస్తారు. గుద్దులాట వచ్చినప్పుడు పిల్లలు ఏడవరు, ఈలలు వేస్తారు. చప్పుడు ఆగిపోయి, ఉన్నట్టుండి దబ్బుమని వచ్చేచోట ఏడుస్తారు. మంచివాడి ముఖం మారిపోయేచోట ఏడుస్తారు. తల్లి బిడ్డను ఎత్తుకొని బయటికి పరిగెత్తే చోట్లు ప్రతి ఆటకీ అవే ఉండేవి. నాకు రీలు చూడకుండానే ఎక్కడిదాకా వచ్చామో తెలిసేది.

షార్_రాకెట్ (సూళ్లూరుపేట), శుక్రవారం రాత్రి 10:18

మొదటిరోజే చూశా. మా ఎపిక్ తెర మీద చూడాలండీ, మా ఊరి పెద్ద థియేటర్ అది. దాదాపు నూరడుగుల వెడల్పు, అట్మాస్ సౌండ్. పిలకాయలను ఇక్కడికే తీసుకొచ్చేయండి, జన్మలో మర్చిపోరు!

ఒంగోలు_గిత్త (చీమకుర్తి), శుక్రవారం రాత్రి 10:21

> మా ఎపిక్ తెర

మీరిప్పుడు తిరుపతి జిల్లా కద. మా మాటల్లో మీకేం పని 😀

షార్_రాకెట్ (సూళ్లూరుపేట), శుక్రవారం రాత్రి 10:24

2022లో జిల్లా మార్చారు, చేపల పులుసు మార్చలేదన్నా. ఇంకా మామిడికాయ వేసే చేస్తాం.

రాత్రి_డ్యూటీ (నెల్లూరు), శనివారం తెల్లవారుజామున 3:40

డ్యూటీలో కాస్త ఖాళీ దొరికింది. నేను నర్సుని, పిల్లల వార్డులో.

రాకెట్ తమ్ముడూ, ఐదేళ్ల పాపకి నూరడుగుల తెర, అట్మాస్ సౌండ్ కలిపి పెడితే మర్చిపోదు, నిజమే. నెల రోజులు రాత్రి నిద్ర లేపుతుంది కూడా. అదే సినిమా ఇంట్లో టీవీలో చూస్తే పాప కళ్లు మూసుకోవచ్చు, వంటింట్లోకి పోవచ్చు, మీరు సౌండ్ తగ్గించొచ్చు. హాల్లో ఇవేవీ కుదరవు. అందుకని సినిమా ఏదన్నదొక్కటే చూడొద్దు, తెర ఎంతది, ఆట ఏ టైమ్‌కి అన్నది కూడా చూడండి. ఫస్ట్ షో వద్దు, సెకండ్ షో అసలు వద్దు. ఉదయం ఆట పెట్టుకుంటే చూసింది కరిగిపోవడానికి పగలంతా ఉంటుంది. నడవ పక్కన సీట్లు తీసుకోండి. త్రీడీ అద్దాలు చిన్న ముఖాల మీద నిలవవు, సగం సినిమా వాటిని సర్దడానికే సరిపోతుంది. ఆ చిన్నదాని కోసమైనా టూడీ ఆట ఉందేమో చూడండి.

ఇంకా ముఖ్యమైంది. వచ్చే పిల్లల్లో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయేమో వాళ్ల అమ్మల్ని అడగండి. వెలుగు టకటకా ఆరి వెలిగే సీన్లు కొందరికి పడవు. 2018లో 'ఇన్‌క్రెడిబుల్స్ 2' వచ్చినప్పుడు అమెరికాలో థియేటర్ల దగ్గర ఇదే హెచ్చరిక పెట్టారు. అదేమో యానిమేషన్, పిల్లల కోసమే తీసింది. బొమ్మల సినిమా కదా, పర్లేదులే అనుకోవడానికి లేదు.

పలకా_బలపం (మార్కాపురం), శనివారం ఉదయం 6:50

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఆపరేటర్ గారు "మంచివాడి ముఖం మారిపోయేచోట" అన్నది చదివి ఆశ్చర్యపోయాను. సరిగ్గా దీని మీదే పరిశోధన జరిగింది.

అమెరికాలో జోయాన్ కాంటర్ అని విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1980లలో ఆవిడ, ఇంకొకరు కలిసి పిల్లలకు హల్క్ టీవీ సీరియల్ చూపించి, ఎక్కడ ఎంత భయపడ్డారో అడిగారు. మామూలు మనిషి పచ్చటి రాక్షసుడిలా మారతాడు, కానీ వాడు మంచివాడే, కాపాడటానికే వస్తాడు. తొమ్మిది, పది, పదకొండేళ్ల వాళ్లకి అతను మారాక భయం తగ్గింది. "ఇంకేం కాదు, హల్క్ వచ్చాడు" అని ధైర్యం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు అదే చోట భయం పెరిగింది. చిన్నపిల్లలకి కనిపించేదే నిజం. పచ్చటి ముఖం లోపల మంచి డాక్టర్ ఉన్నాడన్న లెక్క వాళ్లకి ఇంకా అందదు.

మీ పార్టీలో ఐదేళ్ల పాప, పన్నెండేళ్ల అబ్బాయి పక్కపక్కన కూర్చుంటారు. తెర మీద ఆడేది ఒకటే అయినా వాళ్లిద్దరూ చూసేది రెండు వేర్వేరు సినిమాలు.

కాంటర్ ఇంకో మాట కూడా చెప్పింది. చిన్నవాళ్లు భయపడ్డప్పుడు "అదంతా గ్రాఫిక్స్ అమ్మా" అని వివరిస్తే పెద్దగా పనిచేయదు. ఒళ్లో పెట్టుకోవడం, నీళ్లు తాగించడం, అక్కడి నుంచి లేవదీసుకుపోవడం పనిచేస్తాయి. పెద్దవాళ్లకైతే మాట పనిచేస్తుంది.

ఇక నాకు నిజంగా బాధగా ఉండే విషయం హింస కాదు. సూపర్ హీరోల కథలు ఎక్కడ మొదలవుతాయో చూడండి. సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహమే పేలిపోయి అమ్మానాన్న పోతారు. బ్యాట్‌మ్యాన్ కళ్ల ముందే తల్లిదండ్రులను కాల్చేస్తారు. స్పైడర్‌మ్యాన్‌ని పెంచిన అంకుల్‌ని చంపుతారు. దాదాపు అందరూ దిక్కులేని పిల్లలే. మా క్లాసులో ఒక అమ్మాయి నాన్న చనిపోయిన తర్వాత ఎవరో ఇలాంటి సినిమా చూపించారు. ఆ పిల్ల కొట్లాటల గురించి ఒక్క మాట అడగలేదు. "ఆ బాబుకి వాళ్ల నాన్న చచ్చిపోయాకే పవర్ వచ్చింది, నాకెప్పుడు వస్తుంది టీచర్?" అని అడిగింది. నేను చెప్పగలిగిన జవాబు నాకే నచ్చలేదు.

అందుకని ముందు ఎవరెవరు వస్తున్నారో చూసుకోండి, తర్వాత సర్టిఫికెట్.

ఒంగోలు_గిత్త (చీమకుర్తి), శనివారం ఉదయం 8:15

టీచరమ్మా, మీ మాట కొట్టేయలేను గానీ ఒకటి అడుగుతా. మనం పిల్లలకి నరసింహావతారం చెప్పట్లేదా? కడుపు చీల్చి పేగులు మెళ్లో వేసుకుంటాడు. గుళ్లో ఆ బొమ్మ ముందే పసిపిల్లలను నిలబెట్టి దణ్ణం పెట్టిస్తాం. దానికి ఏ ప్లస్? ఇంగ్లీషోడి సినిమా అనేసరికి అందరికీ పరిశోధనలు గుర్తొస్తాయి.

పెంచలకోన_తాత (రాపూరు), శనివారం ఉదయం 9:40

గిత్త అబ్బాయ్, మంచి ప్రశ్నే వేశావు. నా పేరు చూసే వేశావేమో, పెంచలకోనలో ఉండేది నరసింహస్వామే కద.

మా మనవరాళ్లకి ఆ కథ నేనే చెప్పాను. స్తంభం పగిలే దాకా గొంతు పెంచుతా. అక్కడ చిన్నది నా పంచె పట్టుకుంటుంది. పట్టుకుందంటే పేగుల మాట ఎత్తను. "సామికి కోపం వచ్చింది, వాణ్ణి చంపేశాడు" అని ఒక్క ముక్కలో దాటేసి, ప్రహ్లాదుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడని చెప్పేస్తా. పెద్దదానికి పేగులు కావాలి, దానికి తర్వాత విడిగా చెప్తా. ఆ పైన మా కోన కథ ఉండనే ఉంది. ఉగ్రంతో కొండల్లో తిరిగే సామి చెంచులక్ష్మిని చూసి చల్లబడటం. ఆ కోపం చల్లారేదాకా చెప్పి గానీ పిల్లలను పడుకోబెట్టం.

కథ చెప్పేవాడు వినేవాళ్ల ముఖం చూస్తుంటాడు. సినిమా ఎవరి ముఖమూ చూడదు. నాకు తెలిసిన తేడా ఇదే. కథల్లో చావులు ఎప్పుడూ ఉన్నాయి.

తోలుబొమ్మలాట కూడా అంతే. మా ఊళ్లో రాత్రంతా ఆడేవాళ్లు. లక్ష్మణుడు మూర్ఛపోయి అందరూ ముక్కు చీదుతుంటే, దీపం వెనక ఉన్నవాడికి మన ఏడుపు వినిపించేది. వెంటనే నవ్వించే బొమ్మలు కేతిగాడిని, బంగారక్కని తెర మీదికి తోసేవాడు. ఏడ్చే పిల్లలు ఏడుస్తూనే నవ్వేవాళ్లు.

పాత_ఆపరేటర్ (కావలి), శనివారం ఉదయం 9:58

పెద్దాయనకి దండాలు. కానీ ఒక్క మాట. ఆ బంగారక్క మాట్లాడే మాటలకి ఏ సర్టిఫికెట్ ఇస్తారు సామీ? మా నాయన నా చెవులు మూసేవాడు.

పెంచలకోన_తాత (రాపూరు), శనివారం ఉదయం 10:10

నువ్వు వేళ్ల సందుల్లోంచి విన్నావు కద. నేనూ అంతే.

డల్లాస్_టు_దర్గామిట్ట (అమెరికా), శనివారం ఉదయం 10:35

ఇక్కడి రేటింగులు చూసి పోల్చుకునేవాళ్ల కోసం. పీజీ-13 అనే మెట్టు (పదమూడేళ్ల లోపు వాళ్ల విషయంలో అమ్మానాన్న జాగ్రత్తగా చూసుకోవాలని) ఇక్కడ 1984లో వచ్చింది. ఎక్కువ సూపర్ హీరో సినిమాలు అందులోనే పడతాయి. దానిపైన ఆర్ అంటే పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దవాళ్లతో రావాలి. అంటే నాన్న పక్కనుంటే ఎనిమిదేళ్ల వాడు కూడా లోపలికి పోవచ్చు. డెడ్‌పూల్ సినిమాలు ఇక్కడ ఆర్, మన దగ్గర ఏ. ఎర్ర డ్రెస్సు, ముఖానికి ముసుగు చూసి స్పైడర్‌మ్యాన్ తమ్ముడేమో అనుకొని పిల్లలతో వచ్చి, సగంలో లేచిపోయిన కుటుంబాలను ఇక్కడ చూశాను. మన గేటు దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఈ ఒక్క విషయంలో మన పద్ధతే నాకు నచ్చింది.

అసలు తిక్క ఎక్కడుందంటే, సినిమా పదమూడేళ్ల వాళ్లకి, దాని బొమ్మలు మాత్రం మూడేళ్ల వాళ్లకి. బ్యాగు మీద, టిఫిన్ డబ్బా మీద, చెప్పుల మీద అదే హీరో. పోయినసారి వచ్చినప్పుడు చిన్నబజార్‌లో మా మేనకోడలికి కొనిచ్చిన నీళ్ల సీసా మీద కూడా వాడే. ఎల్‌కేజీ నుంచి వాడితో కలిసి బడికి పోయిన పిల్ల, సినిమా వచ్చాక "నీకు వయసు చాలదు" అంటే ఊరుకుంటుందా?

పదో_క్లాసు_పోటుగాడు (కనిగిరి), శనివారం మధ్యాహ్నం 1:20

అందరూ పెద్దవాళ్లే రాస్తున్నారు. నేను 13+ దాటినవాడిని కాబట్టి నా మాట కూడా వినండి.

'ఇన్ఫినిటీ వార్' 2018లో వచ్చినప్పుడు నేను చాలా చిన్నోణ్ణి, మా అన్నతో పోయా. చివర్లో హీరోలు సగం మంది దుమ్ము అయిపోతారు, సినిమా అక్కడే అయిపోతుంది. మిగతాది 2019లో. మా అన్నకి అది సూపర్ ట్విస్ట్. నాకు మాత్రం వాళ్లు చచ్చిపోయారు, అంతే. కాబట్టి కథ అదే సినిమాలో ముగుస్తుందా, తర్వాతి భాగానికి వేలాడుతుందా అని కూడా చూడండి ఆంటీ.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. సినిమా మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత వేసే ఆ పొగాకు ప్రకటన! నోటి క్యాన్సర్, గొంతుకి కంత. మా చెల్లి ఏ విలన్‌కీ భయపడదు గానీ అది వస్తే సీటు కింద దూరుతుంది. సినిమా సర్టిఫికెట్‌తో దానికి సంబంధం లేదు. కాస్త లేటుగా లోపలికి పోవడమే.

రాత్రి_డ్యూటీ (నెల్లూరు), శనివారం మధ్యాహ్నం 2:05

పోటుగాడి రెండో పాయింటుకి వంద మార్కులు. వేరే సినిమాల ట్రైలర్లు కూడా అంతే. మనం సినిమా గురించి కనుక్కొని పోతాం, ముందు పడేవాటి గురించి ఎవరికీ తెలీదు.

మాగుంట_లేఔట్_అమ్మ (నెల్లూరు), శనివారం సాయంత్రం 6:30

ఇంతమంది రాస్తారనుకోలేదు. పొద్దున టీచర్ గారి పోస్టు చదివాక లిస్టు మళ్లీ తీసి చూశా. మూడో ఫ్లోర్ బాబు ఉన్నాడు, మా వాడికి ప్రాణ స్నేహితుడు. వాళ్ల నాన్న పోయిన ఏడాది పోయారు. నాకు అసలు తట్టనే లేదు.

ఎదురింటి పాప వాళ్లమ్మని అడిగితే "మీరున్నారుగా అక్కా, మీ ఇష్టం" అంటోంది. ఇదింకా టెన్షన్. నా బిడ్డకైతే నేను చెప్పగలను. వేరేవాళ్ల బిడ్డ దేనికి భయపడుతుందో నాకేం తెలుసు?

ఈ సినిమాలో హీరో నాన్నకి ఏమైనా అవుతుందా? చూసినవాళ్లు చెప్పండి.

షార్_రాకెట్ (సూళ్లూరుపేట), శనివారం సాయంత్రం 6:41

[కథ బయటపెట్టినందుకు ఈ పోస్టును దాచాం – మోడరేటర్]

పలకా_బలపం (మార్కాపురం), శనివారం సాయంత్రం 7:02

మోడరేటర్ గారూ, ఇదేం న్యాయం? ఆవిడ అడిగిందే అది. కథ చెప్పొద్దు, కానీ పిల్లలకి పనికొస్తుందో లేదో చెప్పండి అంటే ఎలా చెప్తాం? సమీక్షలు రాసేవాళ్లదీ ఇదే గొడవ. "కుటుంబంతో చూడదగ్గ చిత్రం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎవరి కుటుంబం? తండ్రి చావు మొదటి అరగంటలో ఉందని ఒక తల్లికి ముందే తెలియడం మీ ట్విస్ట్ కన్నా ముఖ్యం.

మోడరేటర్, శనివారం సాయంత్రం 7:30

మొన్ననే విడుదలైంది, ఫిర్యాదులు వచ్చాయి, అందుకే దాచాం. సరే, ఈ థ్రెడ్ వరకు మినహాయింపు ఇస్తున్నాం. పోస్టు పైన హెచ్చరిక పెట్టి, కాస్త ఖాళీ వదిలి రాయండి. పిల్లల విషయానికి కావాల్సినంతే రాయండి, క్లైమాక్స్ మొత్తం దంచొద్దు.

షార్_రాకెట్ (సూళ్లూరుపేట), శనివారం రాత్రి 8:10

కథ ఉంది!! చూడబోయేవాళ్లు ఈ పోస్టు దాటేయండి!!

.

.

అక్కా, అవును. నాన్న పోతాడు. ఇంటర్వెల్‌కి చాలా ముందే. రక్తం కనిపించదు గానీ సీన్ నిదానంగా ఉంటుంది. ఆసుపత్రి మంచం, చెయ్యి పట్టుకోవడం, మాట ఆగిపోవడం. నేనే కాస్త కదిలిపోయా. తర్వాత హీరోకి కలలో రెండుసార్లు కనిపిస్తాడు.

విలన్ ముఖం మీద చర్మం ఊడే షాట్ ఒకటి సెకండాఫ్‌లో ఉంది, ఉన్నట్టుండి వస్తుంది, సౌండ్ గట్టిగా ఉంటుంది. ఆపరేటర్ మామ చెప్పిన 'దబ్బు' అదే. మిగతా ఫైట్లన్నీ రోబోలతో, ఇనుపముక్కలు ఎగురుతాయి తప్ప ఏం లేదు. ముద్దులేం లేవు. డబ్బింగ్‌లో కమెడియన్‌కి రెండు మూడు చెత్త మాటలు పెట్టారు. కథ ముగుస్తుంది, టైటిల్స్ అయ్యాక తర్వాతి భాగానికి చిన్న ముక్క.

నిన్న నేను సరదాగా రాశాను గానీ, ఐదేళ్ల పాపని మాత్రం తీసుకురావద్దక్కా.

ఒంగోలు_గిత్త (చీమకుర్తి), శనివారం రాత్రి 8:45

నేనింకా నా మాట మీదే ఉన్నా. పిల్లలకి చావు చూపించకుండా ఎన్నాళ్లు దాస్తాం? మా ఊళ్లో శవం పోతుంటే అరుగు మీద నిలబడి చూసేవాళ్లం. ఎవరూ కళ్లు మూయలేదు. ఆ మూడో ఫ్లోర్ బాబుని మాత్రం అందరి పిలకాయల్లోంచి పక్కకి తీస్తే వాడికి అదింకా కష్టం కాదా? "నీకు నాన్న లేడు కాబట్టి నువ్వు రావద్దు" అన్నట్టే కద.

పలకా_బలపం (మార్కాపురం), శనివారం రాత్రి 9:05

ఈసారి మీతో ఏకీభవిస్తాను. పక్కన పెట్టమని నేనూ అనలేదు. వాళ్లమ్మకి సీన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, నిర్ణయం ఆవిడకి వదిలేయమంటాను. బాబుకి కూడా ఆవిడే ముందు చెప్పాలి. తెలిసి చూడటం వేరు, చీకట్లో కూర్చున్నాక మీద పడటం వేరు.

అరుగు మీద నిలబడ్డప్పుడు మీ పక్కన ఎవరో ఉన్నారు కదండీ?

ఒంగోలు_గిత్త (చీమకుర్తి), శనివారం రాత్రి 9:11

మా జేజి ఉండేది.

కొండపి_కుర్రాడు (కొండపి), శనివారం రాత్రి 9:20

ఇంత గోలెందుకండీ, అందర్నీ మైపాడు బీచ్‌కి తీసుకుపోండి. ఫ్రీ.

రాత్రి_డ్యూటీ (నెల్లూరు), శనివారం రాత్రి 9:26

తొమ్మిదిమంది పిలకాయలు, ఇద్దరు పెద్దవాళ్లు, మైపాడు అలలు. దానికన్నా ఆ విలన్ నయం బాబూ. మీకు తెలీదు, మాకు తెలుసు.

దూకుళ్ల సంగతి కూడా చెప్పేస్తా. సినిమా చూసొచ్చిన వారం పిట్టగోడల మీద ఒక కన్నేసి ఉంచండి. ఇది కొత్తదేం కాదు. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైనప్పటి నుంచీ ఉన్న గొడవే. అందులో హీరో వేసిన ముకేష్ ఖన్నా ఎపిసోడ్ చివర పిల్లలకి సుద్దులు చెప్పేవారు. పిల్లలు తువ్వాలు మెడకి కట్టుకోవడం ఎవరూ ఆపలేరు. ఎక్కడి నుంచి దూకుతున్నారో చూసుకోవాలి.

మాగుంట_లేఔట్_అమ్మ (నెల్లూరు), ఆ తర్వాతి సోమవారం రాత్రి 10:15

అందరికీ థాంక్స్. ఏం చేశామో రాస్తా, అడిగిన వాళ్లున్నారు.

రెండు గుంపులు చేశాం. ఏడు దాటినవాళ్లు ఉదయం ఆటకి మా ఆయనతో, నాతో. ఎదురింటి పాప, ఇంకో ఇద్దరు చిన్నవాళ్లు ఇంట్లో మా అత్తమ్మ దగ్గర. వాళ్లకి పాయసం, మలై కాజా, దాగుడుమూతలు. సాయంత్రం అందరూ కలిసి కేకు. చిన్నవాళ్లు అలుగుతారని భయపడ్డా. పాప ఒకసారి అలిగింది. హీరో మాస్కు ఇస్తే మర్చిపోయింది.

మూడో ఫ్లోర్ బాబు వాళ్లమ్మకి ఫోన్‌లో కాకుండా ఇంటికి పోయి చెప్పా. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను కూడా వస్తా, వాడి పక్కన కూర్చుంటా" అన్నారు. ఆ సీన్‌లో వాడు వాళ్లమ్మ వైపు ఒకసారి చూశాడు, అంతే. ఇంటర్వెల్‌లో ఐస్‌క్రీమ్ అడిగాడు. లోపల ఏమనుకున్నాడో నాకు తెలీదు, నేను అడగలేదు.

ఏడ్చింది ఎవరో తెలుసా? పన్నెండేళ్ల పెద్దోడు. హీరో కుక్క ఒకటుంది, దాని కాలికి దెబ్బ తగులుతుంది. మరుసటి సీన్‌లోనే లేచి తిరుగుతుంది కూడా. రాకెట్ గారూ, కుక్క సంగతి మీరు రాయనే లేదు!

షార్_రాకెట్ (సూళ్లూరుపేట), సోమవారం రాత్రి 10:22

నిజంగా గుర్తులేదక్కా. నాకు ఇంట్లో కుక్క లేదు.

డల్లాస్_టు_దర్గామిట్ట (అమెరికా), సోమవారం రాత్రి 10:50

ఇక్కడ దానికోసమే జనం ముందుగా వెతుక్కుంటారు, సినిమాలో కుక్క చస్తుందా లేదా అని. నవ్వేవాణ్ణి. ఇక నవ్వను.

మాగుంట_లేఔట్_అమ్మ (నెల్లూరు), సోమవారం రాత్రి 11:05

ఇంకో డౌట్. కొన్నాళ్లకి ఇది ఓటీటీలోకి వస్తుంది. ఎదురింటి పాప మా ఇంట్లోనే ఉంటుంది సాయంత్రాలు. అప్పుడెట్టా ఆపడం?

పాత_ఆపరేటర్ (కావలి), సోమవారం రాత్రి 11:20

2021 ఐటీ రూల్స్ ప్రకారం యూఏ 13+, ఆ పైన వాటికి ఓటీటీ వాళ్లు లాక్ సౌకర్యం ఇవ్వాలమ్మా. యాప్ సెట్టింగ్స్‌లో పిల్లల కోసం వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి. మీ వాడి పుట్టిన తేదీ మాత్రం పిన్‌గా పెట్టొద్దు, అపార్ట్‌మెంట్ మొత్తానికి ఇప్పుడు అది తెలుసు.